ముందు ఎడమ చక్రం చప్పుడు

మా మారుతీ ఎయిట్ హండ్రెడ్ ముందు ఎడమ చక్రంలోంచి గర్ర్ గర్ర్ అని చప్పుడొస్తోందని మల్కాపురంలో మా వీధి వీధంతటికీ తెలుసు, ఆ కారు నడిపే మా నాన్నకి తప్ప.

చప్పుడంటే అలాంటిలాంటిది కాదు. అడుగంటిన గిన్నెని ఇనప గరిటెతో గీకుతున్నట్టుండేది. బండి మెల్లగా వెళ్తే మెల్లగా, జోరందుకుంటే జోరుగా, చక్రం తిరిగిన ప్రతిసారీ ఒక గీకుడు. కారు మలుపు తిరగకముందే అమ్మ టీ గిన్నె స్టవ్ మీద పెట్టేసేది. వీధి చివర షెడ్డున్న మెకానిక్ ఎల్లారావు మేం వెళ్తుంటే చేతిలో పాన కింద పెట్టి మరీ చెవి మూసుకుని చూపించేవాడు. అది దండం అనుకుని నాన్న తిరిగి చెయ్యూపేవాడు.

నేనప్పుడు దువ్వాడలో మెకానికల్ ఇంజినీరింగ్ రెండో ఏడు. రెండువేల రెండు సంవత్సరం. కార్లంటే పిచ్చి నాకు, మామూలు పిచ్చి కాదు, పూర్ణా మార్కెట్ దగ్గర పాత పుస్తకాల బండి మీద అట్టలు చిరిగిన కార్ల పత్రికలు ఏరుకొచ్చుకుని బస్సులో నిలబడి చదివేంత పిచ్చి. అలాంటి నాకు సొంత ఇంట్లో, సొంత కారులో, నిజమైన జబ్బు దొరికింది. బ్రేకు ప్యాడ్లు అరిగాయా, బేరింగ్ పోయిందా, ఇంకేదైనా రాసుకుంటోందా? క్లాసులో కూర్చున్నా ఆ చక్రమే కళ్ళలో తిరిగేది. చెప్తే నవ్వుతారు గానీ ఆ చప్పుడంటే నాకు కొంచెం ఇష్టం కూడా పుట్టింది.

మా నాన్న పేరు సన్యాసిరాజు. హార్బరు పక్కన ఒక ఖనిజం యార్డులో ఉద్యోగం మొదలుపెట్టి అక్కడే రిటైరయ్యాడు. బైలదిల్లా కొండల్లో తవ్విన ఇనప రాయి గూడ్సు బళ్ళెక్కి, అరకు సొరంగాలన్నీ దాటుకుని వచ్చి ఆ యార్డులో పడుతుంది. అక్కణ్ణుంచి పొడవాటి రబ్బరు బెల్టుల మీద ప్రయాణం చేసి ఓడ కడుపులోకి దిగుతుంది. ఆ బెల్టులు ఆగకుండా చూసుకోవడం నాన్న పని. మా తాతకి నడివయసులోనే చెవులు తగ్గాయట, నాన్నకీ అలాగే తగ్గుతూ వచ్చాయి. ముందు సన్నటి శబ్దాలు పోయాయి, పిట్టలు, సైకిల్ బెల్లు, కుక్కర్ విజిల్. తర్వాత మా మాటలు. చెవిలో పెట్టుకునే మిషను కొనిస్తే అందులో ఎప్పుడూ పకోడీలు వేగుతున్నాయని బీరువాలో పెట్టేశాడు. అలాగని తనకి వినపడదని ఒప్పుకునే మనిషి కాదు. గట్టిగా మాట్లాడతాడు, గట్టిగా నవ్వుతాడు, ప్రశ్న వినపడకపోయినా అందరికంటే ముందు జవాబు చెప్తాడు. అన్నం పెట్టనా అంటే పదిన్నర అంటాడు.

ఇంట్లో మేం ఒకసారి చెప్పి, ఇంకోసారి అరిచి, ఆ పైన ఓపిక లేక "ఏం లేదులే నానా" అనేసేవాళ్ళం. ఆ ఒక్క మాట మాత్రం ఆయన మా పెదాల మీద చూసే పట్టేసేవాడు. తలూపి పేపరు తిప్పుకునేవాడు.

రిటైరయ్యాక ఆ పాత మారుతీ కొన్నాడు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ మనుషుల మధ్య ఉన్న మనిషి ఇంట్లో ఊరికే కూర్చోలేకపోయాడు. తెల్లారగానే కారు తుడిచి, పార్కుకి వాకింగ్ అని బయల్దేరి, ఎండెక్కేసరికి కళకళలాడుతూ వచ్చేవాడు. అమ్మ పెట్టిన షరతు ఒక్కటే. హార్బరు రోడ్డు మాత్రం వద్దు, ఆ ఖనిజం లారీల మధ్య నీ చెవులతో వద్దు. నాన్న సరేనని తలమీద చెయ్యి పెట్టుకుని మరీ చెప్పాడు.

ఆ ఆదివారం పద్మనాభంలో మా పెద్దమ్మ వాళ్ళింటికి వెళ్ళొస్తున్నాం. దారి పొడుగునా గర్ర్ గర్ర్. చేలల్లో నాట్లు వేస్తున్న వాళ్ళు నడుములెత్తి చూస్తున్నారు. నాన్న హాయిగా కూనిరాగం తీస్తున్నాడు. ఒక ఇరుకు కల్వర్టు దగ్గర వెనక బస్సు హారన్ కొట్టడం మొదలుపెట్టింది. ముందు చిన్నగా, తర్వాత చెయ్యి తియ్యకుండా. వెనక సీట్లోంచి నేను అరిచాను, పక్కనుంచి అమ్మ అరిచింది. నాన్న రోడ్డు మధ్యలోంచి జరగలేదు. కల్వర్టు దాటగానే బస్సు మా అద్దాన్ని రాసుకుంటూ దూసుకుపోయింది, కారు మట్టిలోకి దిగి ఆగింది. అమ్మ రెండు చేతులూ డాష్‌బోర్డు మీద ఉన్నాయి.

"సూసినావా, హారనైనా కొట్టకుండా ఎలగెల్పోతన్నాడో" అన్నాడు నాన్న.

మా అమ్మ జోగమ్మ కోపమొస్తే అరిచే మనిషి కాదు. ఇంటికి రాగానే తాళం అడిగి తీసుకుంది. బొడ్లో దోపుకుంది. నాన్నని అరుగు మీద కూర్చోబెట్టి, ఆయన మొహానికి ఎదురుగా తన మొహం పెట్టి, మాటకీ మాటకీ మధ్య ఆగుతూ చెప్పింది.

"మావా, మన కారు ముందు సక్రం ఎన్నాళ్ళనుండో అరుస్తంది. వీధంతా ఇన్నాది. నీకు ఇనపళ్ళేదు. కారు అరుపే ఇనపడనోడికి బస్సు అరుపేటి ఇనపడద్ది?"

నాన్న నా వైపు చూశాడు. నేను అవునని తలూపాను. ఆయన మొహంలో నవ్వు మెల్లగా ఆరిపోవడం చూశాను. వీధంతా విన్నదాన్ని తను వినలేదంటే, ఇన్నాళ్ళూ ఎల్లారావు చెవి మీద చెయ్యి పెట్టింది దండం కాదంటే. అదంతా ఆయనకి అక్కడే, ఆ అరుగు మీదే తెలిసింది.

అమ్మ అన్యాయం చేసే మనిషి కూడా కాదు. ఆ చప్పుడేంటో, ఎక్కణ్ణుంచి వస్తోందో నాన్నే కనుక్కోవాలంది. కనుక్కుంటే తాళం ఆయనదే. కనుక్కోలేకపోతే కారు అమ్మేస్తుంది, మళ్ళీ మాట్లాడేది లేదు. ఎల్లారావుని పిలవకూడదు. నా వైపు తిరిగి వేలు చూపించింది.

"నువ్వు సెయ్యి సాయం సెయ్యి పాపా. నోటి సాయం సెయ్యకు."

మర్నాడు కాలేజీ ఎగ్గొట్టేశాను. ఇలాంటి ప్రాక్టికల్ వదులుకుని ఎవరైనా థర్మోడైనమిక్స్ వింటారా?

తాళం అమ్మ బొడ్లో ఉంది కాబట్టి ఇంజను స్టార్ట్ చెయ్యడం కుదరదు, స్టీరింగు కూడా లాకై ఉంది. అదృష్టం బాగుండి చక్రాలు తిన్నగా ఉన్నాయి. న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు దించి, నేను వెనకనుంచి తోశాను. గర్ర్. నాలుగడుగులు వేస్తే మళ్ళీ గర్ర్. ఇంజను లేకుండానే వస్తోందంటే గొడవ చక్రంలోనే ఉందని నాకు తేలిపోయింది, చెప్పాలని నాలుక దురదపెట్టింది, పెదాలు బిగించుకున్నాను. ఎల్లారావు తన షెడ్డు ముందు స్టూలేసుకుని కూర్చున్నాడు. తాళం వేయించుకున్న మొగుణ్ణి మొదటిసారి చూస్తున్నానని అందరికీ వినపడేలా అన్నాడు. వినపడాల్సిన మనిషికి మాత్రం వినపడలేదు.

నాన్న ముందు కారు పక్కన చెవి రిక్కించి నడిచాడు. తల వంచాడు, బానెట్‌కి చెవి ఆనించాడు. ఏమీ లేదు. ఆయన మొహం చూస్తే తెలుస్తోంది ఏమీ లేదని. నన్ను ఆగమన్నాడు. కాసేపు చేతులు నడుం మీద పెట్టుకుని నిలబడ్డాడు. తర్వాత కళ్ళు మూసుకుని, కుడి అరచెయ్యి తీసుకెళ్ళి బానెట్ మీద ఆనించి, "తోయ్" అన్నాడు.

తోశాను. కారు కదిలింది, నాన్న దాని పక్కనే అరచెయ్యి తియ్యకుండా నడిచాడు. ఒకప్పుడు మా ఇంట్లో ఉన్న దూడకి జబ్బు చేస్తే పశువుల డాక్టరు దాని ఒంటిమీద అలాగే చెయ్యేసి నడిచేవాడని అమ్మ ఎప్పుడో చెప్పింది, అది గుర్తొచ్చింది. నాన్న చెయ్యి కుడివైపు రేకు మీద కాసేపుంది. లేదన్నట్టు తలాడించాడు. ఎడమవైపుకి వచ్చాడు, చక్రం పైన రేకు మీద ఆనించాడు. నేను తోస్తున్నాను. గర్ర్ అని నాకు వినపడిన క్షణంలోనే ఆయన కనుబొమలు లేచాయి.

మళ్ళీ గర్ర్. మళ్ళీ కనుబొమలు. నా చెవీ ఆయన చెయ్యీ ఒకే తాళానికి పడుతున్నాయి.

"ఇదే సక్రం" అన్నాడు, కళ్ళు తెరవకుండా.

నట్లు వదులు చేసి, వెనక చక్రాలకి రాళ్ళు పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, జాకీ ఎత్తాను. చక్రం నేలని వదిలింది. నన్ను చక్రం తిప్పమన్నాడు, తను మోకాళ్ళ మీద కూర్చుని వెనకనుంచి చెయ్యి పోనిచ్చాడు. పని చేస్తూనే మాట్లాడటం మొదలుపెట్టాడు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పని మాటలు. మేం అడగలేదు కాబట్టి చెప్పలేదు. అడగాలంటే అరవాలి, అందుకని అడగలేదు.

బెల్టు కింద వరసగా రోలర్లుంటాయట. ఎన్నో ఎవరూ లెక్కపెట్టరు, చూపు ఆనినంత దూరం అవే. ఒక్కటి పట్టేసినా బెల్టు దానిమీద ఒరుసుకుని ఒరుసుకుని వేడెక్కిపోతుంది. ఏది పట్టేసిందో చెవితో కనుక్కోవడం అక్కడ ఎవరి తరమూ కాదు, ఎంత మంచి చెవులున్నా ఆ హోరులో పనికిరావు. అందుకని ఫ్రేము ఇనుము మీద అరచెయ్యి ఆనించుకుంటూ ఆ చివర్నుంచి ఈ చివరికి నడుస్తారట. ఒక్కో రోలరుకీ ఒక్కో వణుకు. జ్వరం వచ్చినదాని వణుకు వేరేగా ఉంటుంది.

"బేరింగ్ పోతే ఎలగుంతాది నానా" అని పెదాలతో, చప్పుడు రాకుండా అడిగాను. ఇది నోటి సాయం కాదు, ప్రశ్న. ఆయనకి అర్థమైంది.

"అది గుండ్రంగా వణుకుద్ది. ఆగదు. ఇది అలగ కాదు, గీకి వదుల్తంది, గీకి వదుల్తంది."

బేరింగ్ కాదన్నమాట. మిగిలింది బ్రేకు ప్యాడ్లు, నా అనుమానం మొదటినుంచీ వాటి మీదే. నాన్న బ్రేకు పట్టే ఇనప దిమ్మ మీద రెండు వేళ్ళు పెట్టి, నన్ను తిప్పమని, నాడి చూసినట్టు చూశాడు. ఇక్కడ లేదన్నాడు. నా అనుమానం గాలికి పోయింది, పోతే పోనీ, నాకు ఆనందం ఆగడంలేదు. ఏ పత్రికలోనూ ఇలా కనుక్కోవచ్చని రాయలేదు.

చక్రం విప్పేశాం. డిస్కు బయటపడింది, బయటివైపు నున్నగా బాగానే ఉంది. ఆ డిస్కు వెనకాల మట్టి పడకుండా అడ్డుగా ఒక పల్చటి రేకుంటుంది. నేను డిస్కుని చేత్తో తిప్పుతుంటే నాన్న ఆ రేకు వెనక వేళ్ళు పాకించుకుంటూ పోయాడు. పాకించి, ఆగి, వెనక్కొచ్చి, ఇంకా కొంచెం కిందకి జరిపి, చూపుడువేలి కొస ఒక చోట పెట్టి ఆగిపోయాడు.

"ఈడుంది."

టార్చి తెచ్చి, నేలమీద పడుకుని, రేకుకీ డిస్కుకీ మధ్య సందులోకి చూశాను. డిస్కు లోపలి వైపున మెరుస్తున్న గీత ఉంది, వలయంలా చుట్టూ తిరిగి వచ్చిన సన్నటి గీత, ఒక చోట మాత్రం లోతుగా. కింద రేకు మడతలో ఎర్రటి పొడి. తుప్పు ఎరుపు కాదు, చిక్కటి ఎరుపు, కుంకుమ తడిపినట్టు. సరిగ్గా నాన్న వేలున్న చోట నల్లగా ఏదో ఇరుక్కుని ఉంది.

దొరికిందని కేక పెట్టబోయి నాన్న వైపు తిరిగాను. ఆయన తన వేలికొస చూసుకుంటున్నాడు. దానికి ఆ ఎరుపు అంటుకుంది. అప్పటిదాకా వెలిగిపోతున్న మొహం తెల్లబోయింది.

"సాల్లే. దొరికిందిలే. సక్రం బిగించీ" అన్నాడు మెల్లగా. నాన్న మెల్లగా మాట్లాడటం అదే మొదటిసారి వినడం.

నాకేమీ అర్థం కాలేదు. స్క్రూడ్రైవరు పెట్టి రేకుని కొంచెం వంచాను. టక్కున ఒక రాయి రాలి నా అరచేతిలో పడింది. చింతగింజకంటే కొంచెం పెద్దది, కానీ ఆ బరువు! అంత చిన్నదానికి అంత బరువేంటో. నాన్న చటుక్కున లాక్కుని లుంగీ మడతలో దాచేశాడు.

అదే క్షణంలో అమ్మ టీ గ్లాసులతో వచ్చింది.

దొరికిందా అని అడగలేదు. నాన్న చేతులు చూసింది. ఆ గోళ్ళ సందుల్లో ఎరుపుని చూసింది. పెళ్ళయిన దగ్గర్నుంచి రిటైరయ్యేదాకా నాన్న యూనిఫాం ఉతికింది ఆవిడే, మా ఇంట్లో బట్టలుతికే రాయి ఇప్పటికీ ఒక పక్క ఎర్రగానే ఉంటుంది. గ్లాసులు అరుగు మీద పెట్టి చెయ్యి చాపింది. నాన్న లుంగీ మడత విప్పి రాయి తీసి ఆ చేతిలో పెట్టాడు.

"పార్కులో ఖనిజం పండుతందా మావా" అంది అమ్మ.

రోజూ వాకింగని చెప్పి ఈయన వెళ్తున్నది హార్బరు రోడ్డుకి. లారీల మీంచి రాలిన ఖనిజం మీదుగా, యార్డు గేటు దాకా. అలా వెళ్తుంటే చక్రం ఎగరేసుకున్న రాయి రేకు సందులో దూరి, దారంతా డిస్కుని గీకుతూ, ఈయన వెళ్ళింది ఎక్కడికో వీధంతటికీ అరిచి చెప్తూ వచ్చింది. ఆ ఎరుపు ఆయనకి కొత్త కాదు, బట్టల మీద, ఒంటిమీద, కారు టైర్ల మీద ఉన్నా ఆయన కంటికి అది మురికే కాదు. అందుకే రోజూ కారు తుడిచే మనిషి చక్రాలకున్న ఎరుపుని ఒక్కరోజూ చూడలేదు. మా వీధిలో ప్రతి బండికీ ఆ దుమ్ము కొంచెం ఉంటుంది కాబట్టి మేమూ పట్టించుకోలేదు.

నేనేదో సర్దిచెప్పబోయాను. అమ్మ చెయ్యెత్తి ఆపింది. నాన్న అరుగు మీద కూర్చున్నాడు. తన అరచేతులు చూసుకున్నాడు.

"అక్కడెవుడికీ ఇనపడదు జోగీ" అన్నాడు. "సెవులున్నోడికీ ఇనపడదు. గేటు కాడ టీ తాగినప్పుడూ ఆ హోరే. అందరం సేతుల్తోనే మాటాడుకుంతాం. నాను సెప్పింది ఆలకి తెలుస్తాది, ఆలు సెప్పింది నాకు తెలుస్తాది. ఇంటికాడ మీరు ఏం లేదులే అంతారు."

నేను నేలమీదే కూర్చుండిపోయాను. ఆ మాట నేను రోజుకి ఎన్నిసార్లంటానో నాకే తెలీదు.

అమ్మ రాయిని నా చేతికిచ్చి, నాన్న పక్కన కూర్చుని, ఆయన గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది. సప్పుడు కనుక్కున్నావు, బాగానే ఉంది, అంది. సేత్తో కనుక్కున్నావు. ఎనక నుండొచ్చే బస్సుకి సెయ్యి ఆనించి సూత్తావా?

ఏ ప్రశ్నకైనా అందరికంటే ముందు జవాబు చెప్పే మనిషి, ఆలోచించి, గొంతు సవరించుకుని, మా ఇద్దరికీ ఎప్పుడూ చెప్పని మాట చెప్పాడు.

"నాకు ఇనపడదు జోగీ. నిన్న బస్సు కొట్టిందే నాకు తెల్దు. తాళం నీ కాడే ఉంచు."

వాళ్ళిద్దరూ అలా కూర్చుని ఉంటే ఎటు చూడాలో తెలీక నేను రాయిని చూశాను. చూసి, చూస్తూనే ఉండిపోయాను. మూడు వైపులా గరుకుగా, నల్లగా ఉంది. నాలుగో వైపు మాత్రం డిస్కుకి ఒరిసి ఒరిసి అద్దమైపోయింది. ఉక్కు రంగు అద్దం. అందులో మా వీధి మీది కరెంటు తీగలు కనిపిస్తున్నాయి, వాటి వెనక ఆకాశం. వేలితో రుద్దితే వేలు ఎర్రబడింది. అద్దంలా మెరిసేదాన్ని పొడి చేస్తే కుంకుమ. మా కెమిస్ట్రీ సారు చెప్పింది గుర్తొచ్చింది, ఇనుము పుట్టేది నక్షత్రాల కడుపులోనని. అక్కణ్ణుంచి భూమిలోకి వచ్చి, చెట్టూ చేపా లేని కాలంలో సముద్రాల అడుగున పేరుకుని, కొండై, ఎవరో తవ్వితే రైలెక్కి, సొరంగాలన్నీ దాటి, ఓడెక్కి ఏ దేశమో పోవాల్సింది, లారీ మీంచి జారి మా నాన్న కారు చక్రంలో దూరింది. అది గీకుతున్న డిస్కు మాత్రం ఏంటి, అదీ ఇలాంటి కొండ ముక్కే, కొలిమి చూసొచ్చింది, అంతే. ఇన్నాళ్ళూ మా వీధి విన్నది ఒకే ఇంటి వాళ్ళిద్దరి గొడవ. దాన్ని మా నాన్న కళ్ళు మూసుకుని, చూపుడువేలి కొసతో, రేకు అవతలనుంచి పట్టుకున్నాడు.

అమ్మ అడుగుతోంది, ఈసారి కోపం లేకుండా. మరి ఆ యార్డులో ఏదైనా ఎనకనుండి వత్తే మీకెలగ తెలిసేది?

జోడీ ఉంటాడన్నాడు నాన్న. బెల్టు పక్కన ఎవరూ ఒంటరిగా నడవరు. వెనకవాడు ముందువాడి భుజం మీద చెయ్యేసి నడుస్తాడు, ముందుకి చూసేది ఒకడు, వెనక్కి చూసుకునేది ఇంకొకడు. భుజం మీద ఒక దెబ్బ కొడితే పక్కకి జరుగు అని. రెండు కొడితే ఆగు అని. అరచేత్తో నిమిరితే దారి ఖాళీ, పద అని. నాన్న జోడీ సూరన్న, రోజూ గేటు దగ్గర టీకి వచ్చేది ఆయనే.

అమ్మ లేచింది. బొడ్లోంచి తాళం తీసింది, కానీ నాన్నకివ్వలేదు, గుప్పిట్లోనే పట్టుకుంది. ఆయన వెనక్కి వెళ్ళి నిలబడి, ఎడమ భుజం మీద చెయ్యేసింది.

"నాకు నేర్పు" అంది.

నాన్నకి వినపడలేదు, ఆవిడ వెనకుంది కదా. కానీ భుజం మీద చెయ్యి పడగానే వీపు నిటారుగా అయింది. నా వైపు చూశాడు. నేను చెప్పక్కర్లేకపోయింది.

ఆ సాయంత్రం వాళ్ళిద్దరూ మా వీధిలో ఆ చివర్నుంచి ఈ చివరికి నడిచారు, నాన్న ముందు, అమ్మ వెనక. స్కూటరొస్తే ఒక దెబ్బ. ఆవు అడ్డొస్తే రెండు. మొదట్లో అమ్మకి ఒకటీ రెండూ తడబడి నాన్న రోడ్డు మధ్యలో ఆగిపోయేవాడు. ఎల్లారావు స్టూలు మీదనుంచి లేచి ఏదో అనబోయాడు. తర్వాత రెంచీ పట్టుకొచ్చి మా చక్రం నట్లు ఒకసారి బిగించి చూసి వెళ్ళాడు.

మర్నాడు తెల్లారగానే అమ్మ తాళం నాన్న చేతిలో పెట్టింది, ముగ్గురం బయల్దేరాం. నాన్న స్టీరింగు దగ్గర, అమ్మ పక్కన, ఆవిడ కుడిచెయ్యి ఆయన భుజం మీద. కారు చప్పుడు లేకుండా వెళ్తోంది, టైర్ల కింద ఇసుక నలిగేది కూడా నాకు వినపడుతోంది. మా వీధిలో ఒక్క తల కూడా తిరగలేదు. బయల్దేరేముందే ఎక్కడికని నాన్న అడిగితే, ఆయన మొహానికి ఎదురుగా తన మొహం పెట్టి యార్డు గేటు అంది అమ్మ. ఆ రోడ్డు వద్దన్నది నువ్వే కదా అన్నాడు. ఒక్కడివీ వద్దన్నాను అంది. హార్బరు రోడ్డులో వెనక లారీ హారన్ కొట్టింది. నేను ముందు సీటు గట్టిగా పట్టుకున్నాను. అమ్మ అద్దంలోకి చూసి భుజం మీద ఒక దెబ్బ కొట్టింది, నాన్న ఎడమకి జరిగాడు, లారీ ఎర్రటి దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయింది. అమ్మ అరచెయ్యి ఆయన భుజం మీద ఒకసారి నిమిరింది.

గేటు దగ్గర టీ బడ్డీ. దాని వెనక ఎత్తుగా బెల్టు, దానిమీద ఎర్రగా నల్లగా ఆగకుండా సాగిపోతున్న కొండ. ఆ హోరులో నా గొంతు నాకే వినపడలేదు. బల్లల మీద కూర్చున్న మనుషులందరూ చేతులతో మాట్లాడుకుంటున్నారు, వేళ్ళు తిప్పుతూ, మోచేతులు తడుతూ, ఒకరి మీద ఒకరు జోకులేసుకుంటూ. నాన్న వాళ్ళ మధ్యకి వెళ్ళగానే మారిపోయాడు. అరుపు లేదు. తొందర జవాబు లేదు. చేతులు అంత అందంగా కదులుతాయని, అంత మెల్లగా, అంత కొంటెగా కదులుతాయని నాకెప్పుడూ తెలీదు.

సూరన్న అంటే ఎవరో ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. కారులో అమ్మ చెయ్యి నాన్న భుజం మీద ఉండటం చూసినట్టున్నాడు, నల్లగా, పొట్టిగా ఉన్న ఆయన నాన్న భుజం వైపు చూపించి, అమ్మ వైపు చూపించి, తన పిడికిలితో తన నెత్తిమీదే టకటకా కొట్టుకున్నాడు. బల్లలన్నీ నవ్వాయి. నాన్న వంగిపోయి నవ్వాడు.

"ఏటంతన్నాడు" అంది అమ్మ, ఆయన మొహంలోకి చూస్తూ.

నాన్న కళ్ళు తుడుచుకున్నాడు. "ఏం లేదులే" అన్నాడు, ఆ హోరులో నాకూ అది ఆయన పెదాల మీదే తెలిసింది.

అమ్మ నవ్వలేదు. ఆయన వెనక్కి వెళ్ళి, భుజం మీద చెయ్యేసి, రెండు దెబ్బలు కొట్టింది.

నాన్న ఆగాడు. టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. అమ్మ రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, ఆవిడ చెవి దగ్గరగా వంగి, నీ కొత్త జోడీ దెబ్బలు నాకంటే గట్టిగా కొడతాది అంతన్నాడని చెప్పాడు. చెప్పి, సూరన్న వేసిన సైగని మొదటినుంచీ, ఒక్కొక్కటే, ఆవిడ వేళ్ళతోనే వేయించడం మొదలుపెట్టాడు. నా చెప్పుల కింద నేల సన్నగా వణుకుతోంది. నేను వంగి, దానిమీద అరచెయ్యి ఆనించాను.